సందు చూసి పెట్టిన పేర్లు: అల్లికల మాటలు, ఆసరాల మాటలు

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును అలాగే ఉంచి, తడబాట్లు మాత్రం సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. ఫ్యాను కింద కుర్చీ దొరక్క గోడవారన నిలబడ్డ పిల్లలకు ఇంకో నమస్కారం.

రాత్రి తొమ్మిదింటి చర్చ ఏ టీవీలో పెట్టినా, పార్టీ మారిన నాయకుణ్ణి తిట్టడానికి ఒక మాట తప్పకుండా వస్తుంది. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు' అంటారు. మీలో వాసం చూసినవాళ్లు చేతులెత్తండి. వెనక వరసలో నాలుగైదు లేచాయి, ముందు వరసలో ఒక్కటీ లేవలేదు. మేస్టార్లు కూడా ఎత్తలేదు. (నవ్వులు)

వాసం అంటే కప్పును మోసే కర్ర. ఇంటి వెన్ను దగ్గర మొదలై ఏటవాలుగా గోడ మీదికి దిగుతుంది. కప్పు పొడుగునా అలాంటివి వరసగా ఉంటాయి. పెంకుటింట్లో భోంచేసి అరుగు మీదో, నట్టింట్లోనో నడుం వాల్చినవాడికి కళ్లెదుట కనబడేవి అవే. అన్నం పెట్టిన ఇంట్లో పడుకుని, వీళ్లకు ఎన్ని కర్రలున్నాయి, ఏపాటి ఆస్తి ఉంది అని పైకి చూస్తూ లెక్కేసేవాణ్ణి అలా తిట్టారు. స్లాబు కింద పడుకున్నవాడికి ఫ్యాను రెక్కలు తప్ప లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. తిట్టు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

నిర్వాహకులు నన్ను అల్లికల గురించి, వాటిని నిలబెట్టే చట్రాల గురించి తెలుగులో ఉన్న మాటలు చెప్పమన్నారు. పట్టిక చదివితే మీరూ నిద్రపోతారు, నేనూ నిద్రపోతాను. అందుకని పట్టిక జోలికి పోను. ఈ మాటలు ఎవరి పనిలోంచి వచ్చాయో, ఆ పని ఎలా సాగుతుందో కొంచెం చూద్దాం. మాట దానంతటదే అర్థమవుతుంది.

ముందుగా నాకు తోచిన సంగతి ఒకటి చెప్తాను. అల్లిన వస్తువుకు మనవాళ్లు పేరు పెట్టేటప్పుడు దాని సందు చూశారు. ఏది కిందికి జారాలి, ఏది పైన ఆగాలి అన్నదాన్ని బట్టి పేరు మారింది. ఆసరాగా నిలబెట్టే కర్రకు పేరు పెట్టేటప్పుడు మాత్రం అది బరువును ఎటు నించి మోస్తుందో చూశారు.

వంటింటితో మొదలుపెడదాం. చాట ఉంది. బియ్యం చెరగడానికి వాడేది కాబట్టి అందులో నూక గింజ కూడా దూరే సందు ఉండకూడదు. అందుకే వెదురును బాగా పలచగా చీల్చి దగ్గరగా నేస్తారు. అప్పటికీ తృప్తి లేక మన అమ్మమ్మలు కాగితం గుజ్జులో మెంతిపిండి కలిపి చాటకు పూత పూసేవారు. సందు పూర్తిగా మూసుకుపోయేది, చాట కూడా ఏళ్ల తరబడి మన్నేది. పక్కనే జల్లెడ ఉంటుంది. దానికి సందే ప్రాణం. పిండి దిగాలి, తవుడు ఆగాలి. ఇంకోటి సిబ్బి. అన్నం కుండ మూతికి అడ్డం పెట్టి వంచితే గంజి కారిపోవాలి, మెతుకు జారకూడదు. కుక్కరొచ్చాక గంజి వార్చడం పోయింది, సిబ్బికి పని లేకుండా పోయింది. కానీ తెలంగాణలో బతుకమ్మ నాడు సిబ్బి మళ్లీ బయటికొస్తుంది. సిబ్బిలో గుమ్మడాకు పరిచి దాని మీద తంగేడు, గునుగు వరసలు పేరుస్తారు. సిబ్బి లేనివాళ్లు తాంబాళంలో పేరుస్తారు. వంటింట్లో మానేసిన వస్తువును పండక్కి కాపాడుకున్నారు.

పెరట్లోకి వస్తే కోళ్లను మూసే గంప. సందులు పెద్దవి, గాలాడాలి, కోడి తల మాత్రం బయటికి రాకూడదు. పొలంలోకి వెళ్తే ఎద్దు మూతికి కట్టే చిక్కం. కళ్లంలో తిరుగుతున్న ఎద్దు ఊపిరి పీల్చుకోవాలి, వడ్లు మాత్రం మెయ్యకూడదు. పాపం, మెడ కింద అంత ధాన్యం పెట్టుకుని దాని బతుకు అది! ఇంకా ముందుకెళ్లి చెరువు దగ్గరికి చేరితే వల. వలలో ఒక్కో సందును కన్ను అంటారు. చిన్న కన్ను వలలు వేస్తే చేపపిల్లలు కూడా చిక్కుకుపోతాయి, మరుసటి ఏడాదికి చేప ఉండదు. అందుకే వాటిని వాడొద్దని మత్స్యశాఖవాళ్లు చెబుతూనే ఉంటారు.

సందులు అన్నిటికంటే పెద్దవైన అల్లిక ఉట్టి. నాలుగు తాళ్లు, అడుగున ఒక చుట్ట. అంతే, మిగతాదంతా ఖాళీ. అందులో పెట్టేది కుండ, పట్టుకోవలసింది దాన్ని ఒక్కదాన్నే. పాలకుండ పిల్లికి అందకూడదు, ఇంటావిడ చేతికి అందాలి. అంటే ఉట్టి ఉండేది మనిషి ఎత్తుకు కాస్త పైన, అంతే. 'ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా' అన్న సామెతలోని వెటకారం ఆ ఎత్తు తెలిస్తేనే తగులుతుంది.

ఇక మేదర పని దగ్గర కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ మాటల్లో సగం మేదర వాకిళ్లలోంచి వచ్చినవే. వెదురుబొంగును నిలువునా చీలుస్తారు. చీల్చినవి బద్దలు. బద్దను మళ్లీ దళసరిలో రెండుగా విడదీస్తారు. ఆకుపచ్చ తోలు ఉన్న పైభాగం గట్టిది, వంగుతుంది కానీ విరగదు. లోపలి తెల్లభాగం మెత్తన, తొందరగా పురుగు పడుతుంది. కొనేటప్పుడు బుట్టను తిప్పి చూసి, పై తోలుతో అల్లిందా, లోపలి దాంతో అల్లిందా అని అడిగే ముసలమ్మలు ఇప్పటికీ సంతల్లో కనబడతారు.

బుట్ట అడుగున దళసరి బద్దలను నక్షత్రంలా ఒకదాని మీద ఒకటి పరుస్తారు. తర్వాత వాటిని పైకి వంచితే అవే నిలువు బద్దలు అవుతాయి. పలచటి బద్ద తీసుకుని ఒకదాని ముందు నించి, దాని పక్కదాని వెనక నించి, మళ్లీ ముందు నించి చుట్టూ పోనిస్తారు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఒక్క బద్దతోనే ఆపకుండా చుట్టుకుంటూ పోవాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. పదిహేను, పదిహేడు, పంతొమ్మిది ఇలా. సరిసంఖ్యలో ఉంటే ఏమవుతుందో ఇంటికెళ్లి చీపురుపుల్లలతో చేసి చూడండి. రెండో చుట్టులో బద్ద మొదటి చుట్టులో పోయిన దారినే పోతుంది. ముందు పోయిన చోట మళ్లీ ముందుకే, వెనక పోయిన చోట మళ్లీ వెనక్కే. పట్టు దొరకదు, లాగితే మొత్తం జారిపోతుంది. బేసి అయితే ప్రతి చుట్టులోనూ తారుమారవుతుంది, ఒక చుట్టు ఇంకో చుట్టును బిగిస్తుంది. లెక్క సరిపోనప్పుడు ఒక నిలువు బద్దను రెండుగా చీల్చి బేసి చేస్తారు, లేదంటే ఒకేసారి రెండు బద్దలతో అల్లుతారు. బేసిసంఖ్య అన్న మాట బడిలో విననివాళ్లు కూడా తరతరాలుగా ఈ లెక్క తప్పలేదు. మ్యాథ్స్ డిపార్ట్‌మెంటువాళ్లు ఎవరైనా ఉంటే దీన్ని ప్రాజెక్టుకు తీసుకోవచ్చు, నాకు రాయల్టీ అక్కర్లేదు.

అదే పనిని ఎరుకలవాళ్లు ఈతతో చేస్తారు. బుట్టలు, తట్టలు, గంపలు. కొలత కూడా వీటితోనే నడిచేది: ఇన్ని తట్టల ఎరువు, ఇన్ని గంపల మామిడికాయలు. మదనపల్లె టమాటా మార్కెట్లో ఇప్పుడు ప్లాస్టిక్ క్రేటు రాజ్యం, ధర కూడా క్రేటు ఇంత అని చెప్తారు. ఆ క్రేటు పక్కలు చూడండి, సందులు సందులుగా అల్లినట్టే ఉంటుంది. ఎవరూ అల్లలేదు, అచ్చులో పోశారు. అయినా టమాటాకు గాలి కావాలి కాబట్టి మేదర బుట్ట సందును ఫ్యాక్టరీవాడు కూడా వదల్లేకపోయాడు.

ఇవన్నీ చేతిలో పట్టేవి. ఇంకాస్త పెద్దవైతే తడికలు, దడులు, కంచెలు. కోస్తాలో తడిక అంటారు, తెలంగాణలో తడక. తాటాకుతో కట్టొచ్చు, వెదురుతో కట్టొచ్చు. దానికి రెండువైపులా మట్టి మెత్తితే గోడైపోతుంది. తలుపుగా కట్టుకుంటే తలుపు. పొలం చుట్టూ ముళ్లకంప అల్లితే కంచె. 'కంచే చేను మేస్తే' ఇక కాపాడేదెవరు అన్న మాట మన పేపర్లలో వారానికొకసారైనా పడుతుంది.

ఇక ఆసరా ఇచ్చేవి. నేను ముందే అన్నాను, వీటి పేరు దిక్కును బట్టి ఉంటుందని. నిలువుగా నిలబడితే గుంజ, రాట, స్తంభం. పాకకు నట్టనడుమ నిలబెట్టే పొడుగాటి దాన్ని నిట్రాట అన్నారు. అడ్డంగా పడుకుంటే దూలం. ఏటవాలుగా దిగితే వాసం. మనుషులను తిట్టేటప్పుడు కూడా ఈ దిక్కులు తప్పవు. పని చెప్పినా కదలనివాణ్ణి 'గుంజలా నిలబడ్డావేంట్రా' అంటాం. వయసొచ్చినా బుద్ధి రానివాణ్ణి 'దూలంలా పెరిగావు' అంటాం. ఇంటిని మోసే కర్రలన్నిటినీ తిట్లకు వాడుకున్నాం, వాటి మీద ఎందుకంత కోపమో నాకు తెలీదు. (నవ్వులు)

తిట్టినా, మొదటి కర్రకు పూజ చేస్తాం. ఇది గమనించారా? పెళ్లింట్లో పందిరి వేసే ముందు ముహూర్తం చూసి పందిరిరాట పాతుతారు. రాటకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి పాతిన తర్వాతే మిగతా పని. ఖైరతాబాద్‌లో 1954 నించి వినాయకుణ్ణి నిలబెడుతున్నారు కదా, అక్కడ కూడా ఏటా విగ్రహం పని మొదలయ్యేది కర్రపూజతో. కొన్ని వారాల పాటు ఆ మహాకాయుడి చుట్టూ కనబడేదంతా కర్రలే. విగ్రహం పూర్తయ్యాక వాటిని ఊడదీస్తారు. అప్పటిదాకా పనివాళ్లు నిలబడింది వాటి మీదే, దేవుడి కన్ను దిద్దింది కూడా వాటి మీద నిలబడే.

ఆ కర్రల కట్టుకు పేరేమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. పాతవాళ్లు సారువ అనేవారు. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లు ఎక్కువగా గోవా కట్టడం, గోవా కర్రలు అంటున్నారు. స్లాబు కింద నిలబెట్టేదైతే సెంట్రింగు. ఈ సెంట్రింగు అసలు ఇంగ్లీషు మేస్త్రీల మాట. కమాను కట్టేటప్పుడు రాళ్లు నిలదొక్కుకునే దాకా కింద ఉంచే కొయ్య చట్రానికి వాళ్లు పెట్టుకున్న పేరు. మన దగ్గర కమానులు పోయాయి, మాట స్లాబు కిందికి చేరింది. దీన్ని తెలుగులోకి మార్చాలని నేననను. ఆ పని చేసే మనిషి సెంట్రింగు అంటే అదే తెలుగు. నాకు బాధ కలిగించేది వేరే. ఈ మాటలు పేపర్లో కనబడేది ఎప్పుడో తెలుసా? గోవా కర్రలు విరిగి ఎవరో కింద పడ్డప్పుడు, సెంట్రింగు కూలి ఎవరో చనిపోయినప్పుడు. భవనం ప్రారంభోత్సవం వార్తలో మాత్రం ఈ మాట ఉండదు.

పందిరి దగ్గరికి మళ్లీ వస్తాను, అది నాకు ఇష్టమైన మాట. పెళ్లి పందిరి ఉంది, శ్రీరామనవమికి వేసే చలువ పందిరి ఉంది, పెరట్లో బీర, కాకర, దొండ పాకే పందిరి ఉంది. పైన కప్పేది తాటాకు కావచ్చు, తీగ కావచ్చు. పందిరి అంటే నీడ. ఉద్యానశాఖవాళ్లు రాతి స్తంభాలు పాతి, ఇనుప తీగలు లాగి శాశ్వత పందిళ్లు వేసుకోమని రైతులకు రాయితీ ఇస్తున్నారు. శాశ్వతం, పందిరి అన్న రెండు మాటలు పక్కపక్కన వింటే మొదట్లో నాకు నవ్వొచ్చింది. పందిరి అంటేనే నాలుగు రోజుల్లో విప్పేది కదా! కానీ కాయగూరలు పండించేవాళ్లకు ఏటా కర్రలు కొనే ఖర్చు తప్పింది, వాళ్లకు ఆ మాట బాగానే అతికింది.

కర్ర పాతకుండా పందిరి వేసినవాళ్లూ ఉన్నారు. తమలపాకు తోటలు చూడండి. ముందు అవిసె విత్తనాలు వేసి మొక్కలు పెంచుతారు. అవి కాస్త ఎదిగాక తమలపాకు తీగను వాటికి ఎక్కిస్తారు. అవిసె చెట్టే ఆసరా, అవిసె చెట్టే నీడ. ఎండిన కర్రయితే చెదపడుతుంది, ఇది బతికి ఉన్నన్నాళ్లూ పడదు. తీగ ఎదిగిన కొద్దీ చెట్టుకు మెత్తగా కట్టుకుంటూ పోవాలి. గట్టిగా కడితే తీగ తెగుతుంది, వదులుగా కడితే గాలికి జారుతుంది.

ఇక ఒకే వస్తువులో చట్రమూ అల్లికా రెండూ కనబడాలంటే నులక మంచం చూడాలి. నాలుగు కోళ్లు. మంచం కాళ్లను కోళ్లు అంటాం, పుంజులు కాదు. రెండు నిలువు పట్టెలు, రెండు అడ్డ పట్టెలు. పట్టెల కొసలు కోళ్ల బెజ్జాల్లోకి దూరతాయి. మేకు ఉండదు. మరి ఊడిపోకుండా పట్టేదేమిటి? నులకే, అంటే మంచానికి అల్లిన తాడే. నులక నాలుగు పట్టెలనూ లోపలికి లాగుతూ ఉంటుంది కాబట్టి బెజ్జాల్లో కొసలు బిగుసుకుంటాయి. చట్రం నులకను మోస్తోంది అనుకుంటాం, నులక చట్రాన్ని పట్టుకుని ఉంది. మంచం అల్లేవాడు కాళ్లవైపు జానెడు మేర అల్లకుండా వదిలేస్తాడు. ఆ ఖాళీలో ఒక తాడు వేసి అల్లికనూ పట్టెనూ కలుపుతాడు. నులక సాగినప్పుడల్లా ఆ ఒక్క తాడు బిగిస్తే చాలు, మంచమంతా విప్పి మళ్లీ అల్లక్కర్లేదు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి, మరమ్మతుకు ముందే చోటు వదిలి పెట్టుకున్నారు. ఆ తాడు బిగించడానికి బద్ధకించిన ఇంట్లో ఉండేది కుక్కిమంచం. పడుకుంటే నడుం నేలకు తగులుతుంది. పక్కన ఇంకొకరు పడుకుంటే ఇద్దరూ మధ్యలోకి దొర్లుతారు.

మగ్గం దగ్గరికి వెళ్దాం. పడుగు నిలువు దారం, పేక అడ్డదారం. 'పడుగు పేకల్లా కలిసిపోయారు' అని స్నేహితుల గురించి రాస్తాం. నేసేవాళ్లకు మాత్రం రెండూ ఒకటి కాదు. పడుగు మగ్గం మీద మొదటి నించి చివరిదాకా లాగిపట్టి ఉంటుంది, పేకను దగ్గరికి కొట్టే దువ్వెనలాంటి పన్నె దెబ్బలన్నీ అదే తినాలి. అందుకని దానికి గంజి పట్టించాలి. నేత ఊళ్లలో తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. ఎండ ముదిరితే దారం పెళుసెక్కుతుంది, అందుకే ఆ తొందర. పేకకు ఈ బాధలేవీ లేవు. నాడెలో, అంటే పేకను మోసే కొయ్య పడవలాంటి దాంట్లో, కూర్చుని అటూ ఇటూ తిరుగుతుంది. బుట్టలో నిలువు బద్ద, మంచంలో పట్టె, గుడ్డలో పడుగు... మూడింటిదీ ఒకే ఉద్యోగం.

పోచంపల్లి చీరల్లో ఇంకో మెట్టు ఉంది. అక్కడ బొమ్మ గుడ్డ మీద వెయ్యరు, నేయకముందే దారం మీద వేస్తారు. దారాన్ని కొలతగా పరిచి, అద్దకం పట్టకూడని చోట గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కొలతగా పరచడానికి ఒక చట్రం ఉంటుంది. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా విల్లులా వంపు తిరిగిన వరసలో బోలెడన్ని మేకులు. దాన్ని ఆసు అంటారు, ఆ పనిని ఆసు పోయడం అంటారు. చేత్తో దారం పట్టుకుని ఈ మేకు నించి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అలా తిరగాలని లెక్క చెప్తారు. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. భుజం, మోచెయ్యి పడిపోతాయి. ఆలేరు దగ్గర షారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడుతున్న ఆ నొప్పి చూసి, ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

'ఆసులో కండెలా తిరుగుతున్నాడు' అని పాత జాతీయం ఒకటుంది. కండె అంటే దారం చుట్టిన గొట్టం. ఊరికే అటూ ఇటూ తిరిగేవాడి మీద వాడతాం, కాస్త తేలిగ్గానే వాడతాం. ఆసు పోసే చేతికి ఆ తిరుగుడు ఎంత బరువో తెలిశాక నాకు ఆ జాతీయం తేలిగ్గా నోట రావడం లేదు.

సాలెవాళ్లు నేతగాళ్లు. గూడు నేసే పురుగును సాలెపురుగు, సాలీడు అన్నాం. నేతగాడి పేరే పురుగుకు పెట్టాం. అది నేసేటప్పుడు చూశారా? ముందు మధ్య నించి బయటికి ఊచల్లాంటి పోగులు లాగి బిగిస్తుంది, అవి జిగురు లేనివి. తర్వాతే చుట్టూ తిరుగుతూ జిగురు పోగు వేస్తుంది. దానికీ పడుగు వేరు, పేక వేరు. తాను నడిచేది జిగురు లేని పోగుల మీద.

జడ విషయానికొస్తే, జడకు చట్రం ఉండదు. మూడు పాయలు, ఒకదానికొకటే ఆసరా. ఏటి చీలికకు కూడా మనం పాయ అనే అన్నాం. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. మెదక్ దగ్గర మంజీర చీలినచోట వెలసిన అమ్మవారిది ఏడుపాయల. జడలో పాయలు కలుస్తాయి, నదిలో విడిపోతాయి, మాట మాత్రం ఒకటే. కవిత్వాన్ని కొలిచేటప్పుడు కూడా మనవాళ్లు నేతగాడి మాటలే తెచ్చుకున్నారు. అల్లసానివారి 'అల్లిక జిగిబిగి' అంటారు. జిగి అంటే మెరుపు, బిగి అంటే బిగింపు. గుడ్డ కొనేవాడు వేళ్ల మధ్య నలిపి చూసేవి ఆ రెండే.

ఊత అన్న మాటతో ముగిస్తాను, ఇంకా ప్రశ్నలున్నాయంటున్నారు. టమాటా మొక్క కాయ బరువుకు పడిపోకుండా పక్కన పాతేది ఊతకర్ర. ముసలాయన చేతిలో ఉండేదీ ఊతకర్రే. సరే, ఇది అందరికీ తెలిసిందే. చేపలు పట్టేవాళ్ల దగ్గర ఇంకో ఊత ఉంది. పైన సన్నగా, కింద వెడల్పుగా, రెండువైపులా తెరిచి ఉండే బుట్ట. మోకాటిలోతు నీళ్లలో నడుస్తూ, చేప కదిలినట్టు అనిపించిన చోట దాన్ని బురదలోకి ఒక్క దెబ్బలో దింపుతారు. పైనున్న కంతలోంచి చెయ్యి పెట్టి చేపను తీసుకుంటారు. ఒకటేమో ఉత్త కర్ర, అల్లిక లేదు. రెండోదేమో ఉత్త అల్లిక, ఆసరా కాదు. పల్లెలో ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి పట్టుకుని తిరిగినా ఏ తికమకా పడడు. నిఘంటువు తిరగేసేవాడే తికమక పడతాడు.

నిఘంటువు అన్నాను కాబట్టి ఒక్క మాట. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువు మనకు పెద్ద ఆసరా. కానీ ఏ నిఘంటువైనా సాధారణంగా పేరు రాసి, పక్కన 'ఒక విధమైన బుట్ట' అని వదిలేస్తుంది. ఏ విధమో చెప్పదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఇంకోలా చేశారు. మాండలిక వృత్తి పదకోశం కోసం జిల్లా జిల్లాకూ మనుషులు వెళ్లి, పనిచేసేవాళ్లనే అడిగి రాసుకొచ్చారు. వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. తెలుగులో నాలుగు మాండలిక మండలాలున్నాయని మనం ఇవాళ పాఠాల్లో చెప్పుకునేది ఆ సేకరణలోంచి తేలిందే. అందులో నాగలికీ, కాడికీ, మగ్గానికీ ఒక్కో భాగం పేరు విడివిడిగా ఉంటుంది. మీలో ఎవరైనా అలాంటి పనికి వెళ్తే నాదొక సలహా. 'దీన్నేమంటారు' అని మొదట అడక్కండి. మనిషి బిగుసుకుపోతాడు, మీరు మెచ్చుకునే గ్రాంథికం వెతుక్కుంటాడు. 'ఇది ఊడిపోతే ఏం చేస్తారు' అని అడగండి. రిపేరు చెప్పేటప్పుడు మాటలు వాటంతటవే పడతాయి. పేర్లతో పాటు క్రియలు రాసుకోండి: చీల్చడం, పేనడం, పురెక్కించడం, అల్లడం, నేయడం, దువ్వడం, బిగించడం.

ఇప్పుడు ప్రశ్నలు.

ఆ వెనకున్నమ్మాయి చీటీ పంపింది. 'సార్, కంప్యూటర్లో ఫ్రేమ్‌వర్క్ అంటే చట్రం అనొచ్చా? నెట్‌వర్క్ అంటే అల్లిక అనొచ్చా?' అని. చట్రం ఇప్పటికే వాడుతున్నారమ్మా, 'చట్టపరమైన చట్రం' అని పేపర్లు రోజూ రాస్తున్నాయి. ఇంటర్నెట్‌ను అంతర్జాలం అన్నారు, జాలమన్నా వలే కాబట్టి అది నిలబడింది. నెట్‌వర్క్‌ను మాత్రం ఎవరూ కదపలేకపోయారు, సెల్లులో సిగ్నల్ లేనప్పుడు మా ఇంట్లో వంటమనిషి కూడా 'నెట్‌వర్క్ లేదయ్యా' అనే అంటుంది. అది ఆవిడ మాటైపోయింది, ఉండనిద్దాం. నీకు నిజంగా కొత్త మాట కావాలంటే అనువాదకుణ్ణి అడక్కు. మీ హాస్టల్లో కేబుళ్లు లాగే కుర్రాడున్నాడు కదా, వైర్లను ఒక కట్టగా కలిపి గోడ వెంట బిగించే పనిని అతను ఏమంటున్నాడో అడుగు.

ఇంకో చీటీ. 'మా నాన్నగారు మేదర పని చేస్తారు. సెలవులకెళ్లినప్పుడు రికార్డు చేసుకొస్తే మీరు చూస్తారా?' అని. తప్పకుండా చూస్తానబ్బాయి. ఫోనును మొహం మీద పెట్టకు, చేతుల మీద పెట్టు. మొదటి చుట్టు నించి రికార్డు చెయ్యి, బద్దలు ఎన్ని పరిచారో లెక్కపెట్టి చెప్పు. అది సరిసంఖ్య వస్తే ఆయన ఏం చేశారో కూడా అడిగి రా.